రెండు తొంభై తొమ్మిదులు

రెండు గంటలకు నాన్న డ్యూటీ. నాలుగింటికి మేష్టారు కాగితాలు తీసేసుకుంటారు. గడియారంలో ఒకటీ నలభై. నాన్న సంతకం పెట్టకపోతే రాంచీలో లెక్కల పోటీకి నేను వెళ్లను. అదేమంత ఘోరం కాదు. ఏడవడానికి మాత్రం సిద్ధంగా ఉన్నాను.

అప్పుడు నాది పదో తరగతి. టాటానగర్ పక్కన బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. పోటీకి పంపాలని మేష్టారిచ్చిన లెక్క: 1,31,071 ప్రధాన సంఖ్య అని చూపించు. అంటే ఒకటీ, తనూ తప్ప దాన్ని మరేదీ శేషం లేకుండా భాగించకూడదు. పిల్ల సొంతంగా చేసిందేనని తండ్రి సంతకం చెయ్యాలి.

మామూలుగా అయితే 362 లోపున్న డెబ్బై రెండు ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. నాకు బద్ధకం. పదిహేడు రెండ్లను వరసగా ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఆ సంఖ్య. పదిహేడు ప్రధానం కనుక, ఆ పెద్ద సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 34తో భాగించినప్పుడు ఒకటి మిగలాలని మేష్టారే చెప్పారు. ఆ జల్లెడలో నాలుగే నిలిచాయి: 103, 137, 239, 307. భాగించాను. శేషాలు 55, 99, 99, 289. సున్నా ఎక్కడా లేదు.

నాన్న టాటానగర్ యార్డులో పట్టాల వెంట నడిచి వ్యాగన్ల నంబర్లు రాసే గుమస్తా. ఆయన వేలు రెండో తొంభై తొమ్మిది దగ్గర ఆగింది.

"ఏటే ఇది? ఒకే అంకె రెండుపాల్లా?"

"అలాగే వచ్చింది నాన్నా. సచ్ మే, నిజంగా."

"యార్డులోనూ అలాగే వత్తాది. నడవకుండా చాయ్ దుకాణంలో కూకుని రాసినోడికి." పెన్ను జేబులో పెట్టేశాడు. "దొంగ లెక్కకి నాను సంతకం ఎట్టను."

వంటింట్లోంచి అమ్మ, "రేపు బండిలోకి పులిహోర కలపాలా వద్దా? ముందు అది సెప్పండి," అంది.

నాన్న గచ్చు మీద కూర్చుని సుద్దముక్కతో 137ని 956తో గుణించాడు. 1,30,972. 239ని 548తో గుణించాడు. మళ్లీ 1,30,972. రెండుసార్లూ మిగిలింది తొంభై తొమ్మిదే. గెలిచాననుకున్నాను. ఆయన మొహం ఇంకా బిగుసుకుంది.

"ఒకే వ్యాగన్ రెండు లైన్లలో ఎలాగ నిల్సుంటాదే?"

కాగితం మీద ఆ రెండు భాగహారాలూ మళ్లీ చేశాను. మళ్లీ అవే తొంభై తొమ్మిదులు.

ఒకటీ యాభై ఎనిమిది. చెప్పులు తొడుక్కున్నవాడు మళ్లీ వంగి, గచ్చు మీది అంకెలను ఒక్కొక్కటే చదివాడు.

"ఈ 956ని సగం సెయ్యి."

"478."

"ఇంకోపాలి."

"239." 548ని నేనే రెండుసార్లు సగం చేశాను. 137. "నాన్నా, రెండూ ఒకటే బండి! 137, 239, నాలుగు. అవే మూడు డబ్బాలు, ముందూ వెనకా మార్చి తగిలించారంతే!"

"అలాగ సెప్పు మరి."

సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ పక్కన టైమూ వేశాడు: 14.03.

"లేటుకి కారణం ఏటని రాత్తారు?" అంది అమ్మ గుమ్మంలోంచి.

సైకిలెక్కుతూ అన్నాడు, "నడిసి సూసొచ్చానని రాత్తాను."