బెత్తెడు మిగులు

కాబ్రేరో ఊళ్లో తలుపులు కావలసినవాళ్లు దోన్ నోల్బెర్తో అనే యజమాని కార్ఖానాకు వెళతారు. ఆ తలుపు వానాకాలంలో కూడా చక్కగా మూసుకోవాలనుకునేవాళ్లు అతణ్ణి పలకరించి, లోపల రంపం దగ్గరున్న ఒర్ఫెలీనాతో మాట్లాడతారు.

ఒర్ఫెలీనా రిఫ్ఫోకు యాభై ఏడేళ్లు. దుంగల లారీ నడిపే రూపెర్తో ఆమె భర్త. అతని పాత ఉన్ని బనియను తొడుక్కుని, కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, పంతొమ్మిదేళ్లుగా ఆ రంపం దగ్గరే నిలబడుతోంది. పైన్ కర్ర చట్రానికి రెండు వైపులా చెక్కపొట్టు అదిమి చేసిన పలుచని ఎండీఎఫ్ షీటు అతికిస్తే తలుపు. ఒక్కో తలుపుకు రెండు ముఖాలు. ఏ కొలత షీటు కొనాలో, దాన్ని ఎలా కోయాలో చెప్పడం ఆమె పని. ముందుగా రొట్టెల కాగితపు సంచి చించి, ఆ కాగితం మీద బొమ్మ వేస్తుంది. రంపపు పళ్లు నమిలేసే నాలుగు మిల్లీమీటర్లను కూడా విడిచిపెట్టకుండా గీస్తుంది. దాన్ని ఆమె 'రంపం మేత' అంటుంది. మేత లెక్క మరిచి ముఖం పొట్టిగా కోసుకున్నవాళ్లను ఆమె పేరు పెట్టి గుర్తుపెట్టుకుంటుంది.

ఈ విద్య ఆమెకు బట్టలు కుట్టే మేనత్త దగ్గర అబ్బింది. మేనత్త గుడ్డ పరిచి, కాగితపు ముక్కల్ని అటూ ఇటూ జరిపి జరిపి చూసేది. మిగిలిన గుడ్డ కత్తెర పట్టినదాని సిగ్గు అనేది.

కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. షీటు పొడుగులో మిగిలింది యజమానిది. సొరుగుల అడుగుకు పనికొస్తుందని బల్లలు చేసేవాళ్లు పట్టుకుపోతారు. వెడల్పులో మిగిలింది కోసినవాళ్లది. వినడానికి బాగానే ఉంటుంది. కాని గదుల తలుపులు డెబ్భై ఐదు సెంటీమీటర్లవి. నూటయాభై రెండు సెంటీమీటర్ల షీటులో రెండు ముఖాలు పక్కపక్కనే పడితే, చెక్కడానికి వదిలిన అంచూ, రంపం మేతా పోను మిగిలేది ఆరు మిల్లీమీటర్లు. పంతొమ్మిదేళ్లలో ఒర్ఫెలీనా వాటాగా ఇంటికి తెచ్చుకున్నది పొయ్యి రాజేసుకునే పుల్లలే.

అందుకే ఆమె వంటింటి అలమరలకు తలుపులు లేవు. ఎనిమిది అరలకూ పువ్వుల గుడ్డ వేలాడుతూ ఉంటుంది. రూపెర్తో అక్క ఓర్తెన్సియా ఎప్పుడొచ్చినా ఆ తెరను రెండు వేళ్లతో ఎత్తి చూస్తుంది. ఊరందరికీ తలుపులు పెట్టే మహాతల్లి టీకప్పులు గాలికి వణుకుతున్నాయని కనిపించినవాళ్లందరితో అంటుంది. ఈసారి సెప్టెంబరు పద్దెనిమిది స్వాతంత్ర్య పండుగకు చుట్టాలంతా ఒర్ఫెలీనా ఇంటికే వస్తున్నారు. ఆలోపు ఆ గుడ్డ దిగిపోవాలని ఆమె పట్టుదల.

జూలైలో పెద్ద పని వచ్చింది. కొత్త కాలనీలో అరవై నాలుగు ఇళ్లు. ఇంటికి నాలుగు గది తలుపులు, డెబ్భై సెంటీమీటర్ల స్నానాలగది తలుపు ఒకటి. అదే వారం షీట్లు అమ్మే మనిషి నూట ఎనభై మూడు వెడల్పువి చూపించి, చదరపు మీటరు లెక్కన అవే చవక అన్నాడు. దోన్ నోల్బెర్తో మనసు అటే మొగ్గింది. పైగా ఇరుకు షీటులో చెయ్యి కాస్త తొట్రుపడితే ముఖం పాడవుతుందని అతని భయం. ఆదివారం ఆలోచించి సోమవారం చెప్పమన్నాడు.

ఆదివారం ఒర్ఫెలీనా మాతే ఆకుల కషాయం తాగుతూ వంటింటి బల్ల మీద సంచి కాగితం పరిచింది. వెడల్పు షీటు గీసింది. పక్కన జానెడు పైన మిగిలింది: ముప్పై ఒక్క సెంటీమీటర్లు. అలమర తలుపు వెడల్పు ముప్పై. అలాంటి పట్టీలు మూడు వందలకు పైగా వస్తాయి, అన్నీ తనవే. తాను చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. యజమాని ఎటూ అదే కొనబోతున్నాడు.

రూపెర్తో బొమ్మను చూసి, ఇంకేం, అక్క నోరు మూతపడుతుందన్నాడు. ఆమె ఆ ఖాళీని పెన్సిలుతో నింపుతూ కూర్చుంది. ఎంత నింపినా అది ఖాళీగానే కనిపించింది.

సోమవారం రెండు బొమ్మలూ తీసుకెళ్లి యజమాని ముందు పెట్టింది.

"ఇరుకుదే కొనండి."

"మీటరు లెక్కన చవక అంటున్నాడు కదా ఒర్ఫే."

"మనం మీటర్లు అమ్ముతున్నామా, తలుపులా? ఇందులోనూ షీటుకు ఒక తలుపే, అందులోనూ షీటుకు ఒక తలుపే. షీటు ఖరీదు దేనిది ఎక్కువో మీరే చూడండి."

అతను రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముప్పై ఒకటి అని రాసి ఉన్న చోట వేలు పెట్టాడు.

"ఇది నీ వాటా. తెలిసే చెబుతున్నావా?"

"బొమ్మ వేసింది నేనే కదా."

"చెయ్యి తొట్రుపడితే?"

"తొట్రుపడితే ఆ తలుపు మా ఇంటికి పెట్టుకుంటాను. ఇంట్లో అలమరకు కూడా తలుపుల్లేవు."

దోన్ నోల్బెర్తో నవ్వాపుకోలేకపోయాడు. ఇరుకు షీట్లే వచ్చాయి. గది తలుపులు రెండు వందల యాభై ఆరూ కోసినా ఆమె చెయ్యి తొట్రుపడలేదు. వాటా మాత్రం మళ్లీ పొయ్యిలోకే పోయింది. కార్ఖానాలో మగవాళ్లు, 'అక్కా, ఈ ఏడు కూడా గుడ్డ ఉతికి వేలాడదీసెయ్' అన్నారు.

ఆఖర్న స్నానాలగది తలుపులు కోసింది. అవి వెడల్పు తక్కువ కాబట్టి షీటుకు బెత్తెడు పట్టీ మిగిలింది. బెత్తెడుతో ఏమవుతుందని వాటిని గోడకు చేర్చి పెట్టి పనిలో పడింది. మధ్యాహ్నం చీపురు కోసం వెళ్లి చూస్తే మూడు పట్టీలు అంచుకు అంచు ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఒర్ఫెలీనా చీపురు మాట మరిచి, కొప్పులోని పెన్సిలు తీసింది. పది, పది, పది: ముప్పై.

పట్టీల అంచులు కాస్త చెక్కి, మధ్య సన్నని గాడి వదిలి, పైన్ చట్రానికి అతికించింది. గాడి గీతల వల్ల పలకలు పేర్చిన పాతకాలపు తలుపుల్లా వచ్చాయి. వాటికి ఆకుపచ్చ రంగు వేసి, పండుగకు రెండు రోజుల ముందు ఎనిమిదీ బిగించింది.

పద్దెనిమిదిన ఓర్తెన్సియా మాంసం కూరిన ఎంపనాదాల పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెం దింపకుండానే ఒక తలుపు తెరిచింది, మూసింది. రెండోది తెరిచింది, మూసింది. ఎనిమిదో తలుపు దాకా వెళ్లింది. ఒక్కటీ కిర్రుమనలేదు. చుట్టాలందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"ఆ పువ్వుల గుడ్డ ఏం చేశావే?"

"ఎందుకు వదినా?"

"బాగుండేది. మా కిటికీకి సరిపోతుంది."

ఒర్ఫెలీనా కింది అర తెరిచి, ఉతికి మడతపెట్టిన గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నీ కిటికీ కొలతకే కత్తిరించాను. ఏమీ మిగల్లేదు."