మామ ఓడిపోయిన ఆట

పాతబస్తీ ఛత్రినాకలో మా చిన్నప్పుడు... సాయంత్రం డ్యూటీ దిగి మేనమామ వచ్చాడంటే ఇల్లంతా సందడే. లాఠీ తలుపు మూలన పెట్టి, నులక మంచం మీద కూర్చుని నన్నే పిలిచేవాడు.

"కోడలు పిల్లా, కండ్లు మూసుకో. ఒక మనిషిని మనసుల అనుకో. పేరు చెప్పకు. నేను కనుక్కుంట."

మామ పోలీసు. అది మా ఇద్దరి ఆట. నేను కళ్ళు మూసుకుంటే ఆయన అడిగేవాడు... ఆ మనిషి దగ్గరికొస్తే ఏం వాసన? నడిస్తే ఏం చప్పుడు? చేతులు ఎట్లుంటయి? నాలుగు మాటలు చెప్పేసరికి "పాలాయన!" అనో, "మీ లెక్కల టీచరమ్మ!" అనో పట్టేసేవాడు. ఎప్పుడూ ఓడిపోలేదు.

ఇదంతా నిన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది... గుర్తు చేసింది టీవీ.

మనవరాలు ఇంగ్లీషు సీరియల్ ఒకటి చూస్తుంది. నేరస్థుల మనసు చదివి పట్టుకునే ఆఫీసర్ల కథ. ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. నిన్నటి భాగంలో ఒకడు వరుసగా హత్యలు చేసి పారిపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. వాడి చిన్న కూతురు మాత్రం మధ్యలో ఒకసారి వాడిని కలిసింది. ఎవరికీ చెప్పనని నాన్నకు మాటిచ్చింది.

ఆఫీసరమ్మ వచ్చి ఆ పిల్ల ముందు నేల మీదే కూర్చుంది. నాన్న ఎక్కడని అడగలేదు. కళ్ళు మూసుకోమంది... నాన్న ఎత్తుకున్నప్పుడు చొక్కా ఏం వాసన వచ్చిందని అడిగింది. చేపల వాసన అంది పిల్ల. ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాతి సీనులో రేవు, తుపాకులు, వాడి చేతికి బేడీలు. చివర్లో ఆఫీసర్లందరూ విమానంలో కూర్చుని నవ్వుకున్నారు.

ఆ పిల్ల మళ్ళీ కనిపించలేదు.

"ఎంత మంచిగ అడిగింది కదా అమ్మమ్మా! పాపకు తెల్వకుండనే చెప్పించింది. సూపర్ అసలు!" అంది మనవరాలు.

నేను టీవీ కట్టేశాను.

"అరే... ఎందుకు బంద్ చేసినవ్?"

చెప్పాను. ఇక్కడ కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీసెయ్యను.

మా బాపుకు బట్టల దుకాణం. అన్న మెట్రిక్ తప్పాడని గిరాకీల ముందే చెంప మీద కొట్టాడు. అన్న ఆ రోజే ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. అమ్మ సరిగ్గా అన్నం తినడం మానేసింది. మామ ఎంత వెతికినా అన్న దొరకలేదు.

ఒకరోజు బడి వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు... అన్న!

"చెల్లె, మంచిగున్న. పని నేర్చుకుంటున్న. ఉస్తాద్ మస్తు మంచోడు. ఇంట్ల చెప్పకు... బాపు మళ్ళ దుకాణంల కూసోబెడ్తడు."

నవ్వుతూ చెప్పాడు. అన్న ఇంట్లో అట్లా నవ్వగా నేను చూడలేదు. చెప్పనని మాటిచ్చాను. ఏ పని, ఎక్కడ అని నేనూ అడగలేదు. ఆ తర్వాత కూడా నన్ను చూడటానికి వచ్చేవాడు.

ఒక సాయంత్రం మామ మంచం మీద కూర్చుని పిలిచాడు.

"ఇయ్యాల నీకు మస్తు ఇష్టమైన మనిషిని అనుకో."

అనుకున్నాను. పేరు చెప్పకూడదు కదా... ఇంకేం భయం!

"వాసన?"

"తోలు వాసన."

"చేతులు?"

"బొబ్బలు. గోళ్ళల్ల ఎప్పుడు మెరుస్తుంటది."

"మాట?"

"గట్టిగ మాట్లాడ్తడు మామా. మనకు చెవుడున్నట్టు!"

మామ గడ్డం గోక్కున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. "నాతోని కాదు బిడ్డా... ఓడిపోయిన" అని జిలేబీ పొట్లం నా చేతిలో పెట్టాడు.

మామ ఓడిపోయిండని అరుచుకుంటూ ఇల్లంతా తిరిగాను.

మర్నాడు మామ అన్నను రెక్క పట్టుకుని తెచ్చాడు. చార్మినార్ వెనక గల్లీలో, మిఠాయిల మీద అద్దే వెండి వరఖు తయారుచేసే కార్ఖానాలో దొరికాడట. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి పొద్దస్తమానం సుత్తితో కొడతారు. ఆ చప్పుడులో ఎవరైనా గట్టిగానే మాట్లాడాలి...

"నేనక్కడున్ననని ఎవరు చెప్పిన్రు మామా?" అన్నాడు అన్న.

"ఇంకెవరు! నీ చెల్లెనే. పోలీసోళ్ళ బుద్ధి వచ్చింది దీనికి!"

అందరూ నవ్వారు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

"నేను పేరు చెప్పలే అన్నా..." అన్నాను. అన్న నా వైపు చూడలేదు.

దుకాణంలో కూర్చున్నాడు. తలనెరిసేదాకా అక్కడే కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు... తన మనసులో మాట ఒక్కటీ మళ్ళీ నాతో చెప్పలేదు. నేను అత్తారింట్లో ఉండగా అన్నకు పెళ్ళి కుదిరిన సంగతి కూడా మా పుట్టింటి పక్కింటి వాళ్ళ నోటే విన్నాను.

పెద్దయ్యాక మామను అడిగాను. ఆ రోజు ఓడిపోయినట్టు ఎందుకు చేసినవ్ అని.

పకపకా నవ్వాడు. "గెలిచిన అంటే నువ్వు ఉరికిపోయి వానికి చెప్తుంటివి గద బిడ్డా!"

అంతా విని మనవరాలు ఆరిపోయిన టీవీ వైపు చూసింది. తర్వాత, "కానీ అమ్మమ్మా, టీవీల ఆయన హంతకుడు. పట్టుకోకుంటే ఇంకొకర్ని చంపేటోడు" అంది.

నిజమే. మా అన్న ఎవరినీ చంపలేదు.

మామ చెడ్డవాడు కాడు. నా కాన్పుకు ఆసుపత్రి బయట రెండు రాత్రులు నిలబడ్డాడు. బాపు పోయినప్పుడు అన్నీ తానై చూసుకున్నాడు. అది వేరే పద్దు, ఇది వేరే పద్దు. ఒకటి చూపించి ఇంకొకటి కొట్టెయ్యడం నాకు చేతకాదు.

ఇప్పటి పిల్లలు ఏదైనా అడిగితే "అది నా పర్సనల్" అని తలుపు వేసుకుంటున్నారు. పొగరని పెద్దలకు కోపం. నాకు మాత్రం కోపం రాదు... మా కాలంలో ఆ తలుపు లేదు. ప్రేమగా పిలిస్తే చాలు, పిల్లల మనసులోకి ఎవరైనా చెప్పులతోనే నడిచి వచ్చేవారు.

మిమ్మల్ని కూడా ఎవరైనా ముద్దు చేసి మాట రాబట్టారా? ఉంటే కింద రాయండి. వాళ్ళను క్షమించారో లేదో కూడా రాయండి...

మామ పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా తేల్చుకోలేదు.