దుమ్ము దిగనీ

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా పక్కింటి మామ గని మూతపడేదాకా అందులో పనిచేశాడు. ఎవరు తొందరపడినా అరచెయ్యి ఎత్తి, "ఆగప్పా, దుమ్ము దిగనీ" అనేవాడు. మందు పేల్చాక దుమ్ము దిగేదాకా ఎవరూ లోపలికి పోకూడదట.

మా చర్చి ఆరాధనను పాత కంప్యూటర్‌తో ఫోన్లకు లైవ్‌లో పంపేది మామా నేనూ ఇద్దరమే. లోపల వెలుతురు తక్కువ. వీడియో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. ఇంట్లో మంచం పట్టి ఫోన్‌లో చూసే అత్తకు, అంటే మామ భార్యకు, మొహాలు ఆనవాలు తెలిసేవి కావు. మామ మాటే పట్టుకుని, వరసగా వచ్చే నాలుగు ఫ్రేముల సగటు చూపించేలా ప్రోగ్రాం రాశాను. అంతకు మించి ఆ కంప్యూటర్ మొయ్యలేదు. చుక్కలు చాలావరకు తగ్గాయి.

ఆ ఆదివారం అత్త అంది: "అందరూ బాగా కనిపించినారప్పా. ఈయన మాత్రం నాకు చెయ్యి ఊపలేదు."

మామ ఊపాడు. ప్రతివారమూ ఊపుతాడు. కదిలే చేతిని నా సగటు పొగలా చెరిపేసింది.

మామ నవ్వాడు. "కదిలే చోట దుమ్ము ఉండనీప్పా. దుమ్ము లేస్తా ఉండాదంటే ఆడ మనిషి ఉండాడనే కదా."

కదలని చోటే సగటు తీసేలా మార్చాను. మరుసటి ఆదివారం గోడలు, బల్లలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క మూల మాత్రం చుక్కలు, వాటి మధ్య మామ చెయ్యి.

మంచం మీద అత్త కూడా ఊపిందట.