పడవ అడుగున నేను వేసిన కుట్టు

ఒక మనిషి చావు నా మీద ఉంది. ఇన్నేళ్ళుగా ఒంటరిగా మోస్తున్నాను, నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు పెగులుతోంది. తిట్టుకోండి, కానీ చివరిదాకా వినండి.

కువైట్ యుద్ధం నాటికి నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో పడవలు కట్టే షెడ్డులో వెల్డర్‌ని. ఒక ఫారిన్ ఇంజనీరు, వాళ్ళ దేశంలో కాలువల మీద తిరిగే పడవ లాంటిది కావాలని మా దగ్గర కట్టించుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, రైలు డబ్బాలా ఉండేది. లోపల పొయ్యి, మంచం, పుస్తకాలకు అర. సముద్రంలో ఇదేం పిచ్చిరా అని నవ్వుకునేవాళ్ళం. దాన్ని నడపడానికీ, కాపలాకీ తన డ్రైవర్ ఖాజాభాయ్‌నే పెట్టుకున్నాడు. హైదరాబాద్ మనిషి. షెడ్డుకు ఎప్పుడొచ్చినా మా అందరికీ చాయ్ తెచ్చేవాడు.

అడుగు రేకులు అతికిస్తుండగా మిసైల్ వస్తోందని సైరన్ మోగింది. రాడ్డు పారేసి పరుగెత్తాను. తిరిగొచ్చాక కూడా మళ్ళీ మోగుతుందేమోనని చెవులు అటే పెట్టాను. వెల్డింగ్ మీద పేరుకునే నల్లటి పెచ్చును సుత్తితో కొట్టి, తుడిచి, అప్పుడే రెండో వరస వెల్డింగ్ కుట్టు వేయాలి. నేను కొట్టలేదు. పెచ్చు మీదే వేసేశాను. అది భయం. భయాన్ని ఎవరైనా క్షమిస్తారేమో. ఆ తర్వాత చేసిన దాన్ని ఏమనాలి?

యుద్ధం ఆగాక పరీక్ష. బయట సున్నం, లోపల కిరోసిన్ పూస్తాం. సందు ఉన్నచోట సున్నం మీద తడి మచ్చ తేలుతుంది. సరిగ్గా నా కుట్టు మీదే తేలింది, గోరంత మచ్చ. కోసి మళ్ళీ వేయాలంటే వారం పని. పడవ నీళ్ళలో దిగితేనే ఇంటికెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కొట్టిస్తానన్నాడు నా పాస్‌పోర్ట్ పెట్టుకున్న యజమాని, కఫీల్. బతికే ఉన్నానని ఇంటివాళ్ళకు మొహం చూపించాలన్న ఆత్రం నాది. లోపలి కిరోసిన్ గుడ్డతో తుడిచేశాను. మచ్చ మీద కొత్త సున్నం పూశాను. ఫోర్‌మన్ వచ్చి చూసి, బాగుందన్నాడు.

పడవ దించే రోజు ఖాజాభాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, నాకు ఈత రాదు. సాబ్ జుమ్మాకు వస్తడు, పోతడు. దీంట్ల ఉండేది నేనే. సచ్ బోలో, నీళ్ళు రావు గదా?"

"సుక్క రాదు భాయ్. నా బిడ్డ మీద ఒట్టు."

నా బిడ్డ మీద! ఛీ, ఏం మనిషిని నేను?

సెలవు ముగించుకుని తిరిగొచ్చాను. పడవ తిరుగుతూనే ఉంది. ఏమీ కాలేదని గుండె కుదుటపడింది. కానీ నీళ్ళు చెక్కనేల కింద, ఎవరికీ కనపడకుండా చేరుతున్నాయి. ఒక గాలిరోజు ఖాజాభాయ్ ఒక్కడే దాన్ని రేవుకు తెస్తుంటే పక్కకు ఒరిగి మునిగిపోయింది. మర్నాడు శవం దొరికింది.

యుద్ధంలో మునిగిన ఇనుప తుక్కు ఏదో అడుగున తగిలి ఉంటుందని అంతా అనుకున్నారు. నేనూ తలూపాను. కాదు, ఇక్కడైనా నిజం చెప్పాలి. ఆ మాట మొదట అన్నది నేనే.

పడవను ఒడ్డుకు లాగాక, కోసి తుక్కుకు వేసే పని నాకే పడింది. అడుగున ఎక్కడా సొట్ట లేదు. నా కుట్టు మాత్రం నోరు తెరుచుకుని ఉంది, లోపల నల్లటి పెచ్చు. ఇంకెవరూ చూడకముందే అక్కడే మొదట కోశాను.

తర్వాతి సెలవులో హైదరాబాద్‌లో ఖాజాభాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు, మీ చేతి పని మీద భలే నమ్మకం అని ఆయన భార్య అంది. చాయ్ ఇచ్చింది. తాగాను. ఎలా దిగింది ఆ చాయ్ నా గొంతులోంచి?

ఇప్పుడు చెప్పడం వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. నన్ను క్షమించాల్సినవాడు లేడు, అడిగే హక్కు నాకు లేదు. అయినా ఆ రోజు అతనికి ఇవ్వాల్సిన జవాబు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దించుకుంటున్నాను.

వస్తయి ఖాజాభాయ్. నీళ్ళు వస్తయి. నువ్వు ఎక్కకు.