కొత్త జెండాకు పసుపు

పెద్ద కొడప్‌గల్ నుంచి బాన్సువాడకు కోడలిగా వచ్చిన గంగమణి నాట్లు వేసింది, చెరుకు నరికింది, చివరికి బడిలో ఆయమ్మగా కుదురుకుంది. గదులు ఊడవడం కొలువులో పని. జెండాను చూసుకోవడం మాత్రం ఆమె తనంతట తాను నెత్తికెత్తుకున్నది. సాయంత్రం దించి, దులిపి, మడతపెట్టి, వేపాకు వేసిన రేకు పెట్టెలో దాచేది. ఆ పెట్టె మీద ఎవరైనా కూర్చున్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

ఈ ఆగస్టుతో ఆమె కొలువు ముగుస్తుంది. "ఈసారి జెండా నువ్వే ఎగరెయ్యాలె అక్కా," అన్నాడు హెడ్మాస్టరు సాంబమూర్తి. ఆ సంతోషానికి ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు.

పాత జెండా అంచు చినిగితే పద్ధతి ప్రకారం దహనం చేశారు. నిజామాబాద్‌లో చెప్పి తెప్పించిన ఖాదీ జెండా పంద్రాగస్టుకు ముందు రోజు పొద్దున చేరింది. గంగమణి విప్పి చూసింది. కొత్త బట్ట వాసన. మొగుడు పండరి ధోతి అయినా, బిడ్డ లంగా అయినా మూలకు ఇంత పసుపు పెట్టకుండా ఏనాడూ కట్టనివ్వలేదు. అలవాటు చొప్పున చెయ్యి పోయింది. తెల్లరంగు అంచున పసుపు బొట్టు పడింది.

ఆ తర్వాత ప్రార్థనలో సాంబమూర్తి పిల్లలకు చెబుతున్నాడు: "జెండా మీద చిన్న మరకున్నా ఎగరెయ్యొద్దు."

గంగమణి జెండాను పెట్టెలోంచి తీసింది. నల్లా దగ్గరికి ఉరికి సబ్బు రుద్దింది. పసుపు కాస్తా ఎర్రగా మారింది.

సైన్సు టీచరు సుజన వచ్చేసరికి గంగమణి జెండాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏందవ్వా గిది?"

"కొత్త బట్టకు పసుపు పెట్టకుంట ఎట్ల టీచరమ్మా? ఇగ రేపు ఎగరెయ్యనియ్యరు."

"సబ్బు తగిల్తే పసుపు ఎర్రగనే అయితది. ఫికర్ చెయ్యకు. మంచినీళ్లతోని సబ్బంతా పోగొట్టు."

నీళ్లు పోసేకొద్దీ ఎరుపు వెనక్కి తగ్గి మళ్లీ పసుపే మిగిలింది.

"ఇగ దీన్ని ఎండే తినాలె," అంది సుజన.

"గది నాకు ఎరుకే. నా పెళ్లిచీర మీది పసుపంతా ఎండకే పాయె. కని ఎండ ఏది?"

ఆకాశం నిండా మబ్బు. వాచ్‌మన్ మంచం బయటికి లాగి, ఉతికిన ధోతి పరిచి, దాని మీద జెండా ఆరేశారు. మధ్యాహ్నానికి మబ్బు విడింది. ఎండ ఎటు జరిగితే మంచాన్ని అటు జరుపుతూ ఇద్దరూ బడి ఆవరణంతా తిరిగారు.

సాంబమూర్తి వచ్చి నిలబడ్డాడు. "జెండాకు జ్వరమొచ్చిందా అక్కా, మంచంల పండవెట్టిన్రు?"

గంగమణి దాచకుండా చెప్పింది. ఆయన వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఏడుంది మరక?"

ఆమె వేలు పెట్టి చూపబోయింది. చూపడానికేమీ మిగల్లేదు.

"పసుపు పెట్టుకోవాలనుంటే కట్టెకు పెట్టుకో, బట్టకు పెట్టకు," అన్నాడాయన నవ్వుతూ.

మర్నాడు జెండా కర్ర మొదట్లో పసుపు, కుంకుమ మెరుస్తున్నాయి. గంగమణి తాడు లాగింది. ముడి విడి బంతిరేకులు ఆమె నెరిసిన జుట్టు మీద రాలాయి. పిల్లలు పాట అందుకున్నారు. పాట అయిపోయినా ఆమె తాడు వదలలేదు.

"ఇగ కట్టెయ్ అవ్వా," అంది సుజన మెల్లగా.

"ఉండు బిడ్డా, జరసేపు."