ఈల ఊదితే కూర్చోవాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటర్ కాలేజీ ఒక చీరల దుకాణం పైన ఉండేది. ఆటస్థలం లేదు కానీ ఆటల సారు మాత్రం ఉండేవారు, మెడలో ఈలతో సహా. ఆటల పీరియడ్‌లో ఆయన ఈల ఊదితే మేం నేల మీద బాసింపట్టు వేసుకుని లెక్కలు చేయాలి. "కదిలితే తోలు తీస్త" అనేవారు. అలా కదలకుండా కూర్చుని, ఇంటర్వెల్‌లో పఫ్‌లు తిని, రెండేళ్లలో నేను మూడు సైజుల ప్యాంట్లు మార్చాను.

తెలంగాణ ఉద్యమంలో ఒక బంద్ రోజు కాలేజీ మధ్యలోనే మూసేశారు. బస్సుల్లేవు. మమ్మల్ని ఎల్బీనగర్ దాకా నడిపించే పని సారు మీద పడింది. కొత్తపేట రాకముందే నేను ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. నా పక్కనే సారూ కూలబడ్డారు.

"ఏందిరా, గీ వయసుల గింత ఆయాసమా? జర ఆటలు ఆడాలె" అన్నారు రొప్పుతూ.

"మీరెప్పుడు ఆడనిచ్చారండీ?" అన్నాను.

ఆయన ముందు పోతున్న వాళ్లను ఆపడానికి ఈల ఊదారు. అంతే, నలభై మందీ నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ఎదురుగా జెండాలతో వస్తున్న ఉద్యమకారులు చప్పట్లు కొట్టారు. "శెభాష్ సారూ! రాస్తారోకో మంచిగ చేయించినవ్. జై తెలంగాణ!"

సారు పిడికిలి పైకెత్తారు. రెండేళ్లలో ఆయన చేయగా నేను చూసిన వ్యాయామం అదొక్కటే.