వెతికితేనే కనిపించే ప్రకటన

నాచారంలో ఆ ఆశ్రమానికి నేను మొదటిసారి వెళ్ళింది సేవ చేద్దామని కాదు. మా ఆఫీసు పెద్దాయన పంపితే వెళ్ళాను, అదీ ఆదివారం పూట, లోలోపల తిట్టుకుంటూ. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉండేది మా ఆఫీసు. ఇంటర్నెట్లో ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు పక్కన కనిపించే చిన్న ప్రకటనలు రాయడం మా పని. లేడీస్ హాస్టళ్ళు, ట్యూషన్లు, బోర్లు వేసేవాళ్ళు మా ఖాతాదారులు. తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా వాదించుకుంటున్న రోజుల్లో, ఒక హాస్టలు భోజనాన్ని పాతిక అక్షరాల్లో ఎలా పొగడాలా అని నేను తల బద్దలు కొట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ఆశ్రమం అంటే ఫ్యాక్టరీల వెనక సందులో ఒక రెండంతస్తుల ఇల్లు. మతి చెడి రోడ్ల మీద తిరిగే ఆడవాళ్ళను తెచ్చి అక్కడ ఉంచి వైద్యం చేయించేవారు. అందరినీ చూసుకునేది ఒక్కావిడ. జనగామ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కడ అందరికీ అక్కే, నాకూ అక్కే అయింది.

ఒక సెర్చ్ కంపెనీ ఇలాంటి సంస్థలకు ప్రతినెలా కొన్ని ప్రకటనలు ఉచితంగా ఇచ్చేది. ఆశ్రమం కమిటీలో చదువుకున్నాయన ఒకరు దరఖాస్తు పెట్టి అది సంపాదించారు. సంపాదించి, ఎవరైనా ఆశ్రమం పేరు టైపు చేస్తే ఆశ్రమం ప్రకటన కనిపించేలా పెట్టి ఊరుకున్నారు. పేరు తెలిసినవాడికి ఇంక ప్రకటనతో పనేముంది? ఏడాదిగా అది ఎవరి కంటా పడలేదు. ఆయన అడిగితే మా పెద్దాయన దాన్ని బాగుచేసి రమ్మని నన్ను పంపారు.

ఆ సంగతి అక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

"ఉత్తగనే ఇస్తున్నరు గదా, గా పైసలతోని బియ్యం కొనరాదా?" అంది.

"కుదరదక్కా. ప్రకటనలకే వాడుకోవాలి. అది కూడా ఎవరైనా వెతికితేనే కనిపిస్తుంది. ఎవరూ వెతక్కపోతే లేనట్టే."

"గదేం ఇచ్చుడు తమ్మీ" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆశ్రమం పేరు తీసేసి, జనం నిజంగా టైపు చేసే మాటలు పెట్టాను. పుట్టినరోజు అన్నదానం, పాత చీరలు ఎక్కడ ఇవ్వాలి, అలాంటివి. ఈ ఊళ్ళో పుట్టినరోజు చేసుకునే ప్రతివాడికీ ఆ రోజు ఎవరికో ఒకరికి అన్నం పెట్టాలని ఉంటుందని అప్పుడే తెలిసింది. నెల తిరక్కుండా ఆశ్రమం ముందు కార్లు ఆగడం మొదలైంది. వచ్చినవాళ్ళు భోజనంతో పాటు కేకు కూడా తెచ్చేవారు. ఒక ఆదివారం మూడు కేకులు కోశారు. పాపం, ఆ ఆడవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం మూడుసార్లు చప్పట్లు కొట్టారు.

"పొద్దుగాల కేకే, పగటీలి కేకే. షుగరున్నోళ్ళకు నేనేం బెట్టాలె?" అని అక్క విసుక్కుంది కానీ, మొహంలో సంతోషం దాగలేదు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

గేటు పక్కన అరుగు మీద ఒకామె కూర్చునేది. ముప్పై ఏళ్ళుంటాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, బస్సులు ఆగేచోట దొరికిందట. మందులతో మనసు కుదుటపడింది. ఇంటికి వెళ్ళే దారి మాత్రం తెలియదు. ఆమె మాట్లాడేది హిందీ లాంటిదే, మన హైదరాబాదు హిందీ మాత్రం కాదు. పోలీసులకు చెప్పారు, ఆమె భాష తెలుసన్న ఒకరిద్దరిని పిలిపించారు, ఏదీ తేలలేదు. రోజూ స్నానం చేసి, రెండో చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని మరీ కూర్చునేది. ఎవరు గేటు తీసినా లేచి నిలబడేది. నా ప్రకటన చూసి కేకులు పట్టుకొచ్చినవాళ్ళను చూసినా అలాగే లేచేది, మళ్ళీ కూర్చునేది. అది చూడటం నావల్ల అయ్యేది కాదు.

ఏ ఊరని అడిగితే ఒక పేరు చెప్పేది. ఆ పేరు ఇక్కడ రాయను.

"కేకులోళ్ళను దెచ్చినవ్ గదా తమ్మీ, ఈమె ఇంటోళ్ళను దేరాదు?" అంది అక్క ఒకరోజు.

కాదనడానికి నోరు రాలేదు. ఆ పేరుతో మ్యాపులో వెతికితే మూడు రాష్ట్రాల్లో ఊళ్ళు కనిపించాయి. ఊరి పేరు ఒక్కటీ, దాని పక్కన తప్పిపోయిన ఆడమనిషి, భార్య, అక్క, కోడలు అని ఎన్ని రకాలుగా వెతకొచ్చో అన్నీ రాసి పెట్టాను. ఫోటో పెట్టమంది అక్క. ఫోటో పట్టదు, అక్షరాలే అన్నాను. తెలిసినవాళ్ళ చేత హిందీలో రాయించాను. పైన, "ఈమె మీ మనిషేనా?" కింద, "చెవి పక్కన పుట్టుమచ్చ. క్షేమంగా ఉంది." అంతకు మించి చోటు లేదు; నొక్కితే ఆశ్రమం పేజీ, అందులో ఫోన్ నంబరు వస్తాయి.

రోజూ ఆఫీసుకు రాగానే ముందు ఆ లెక్కే చూసేవాణ్ణి. ప్రకటన ఎన్నిసార్లు కనిపించింది: సున్నా. మర్నాడూ సున్నా. ఆమెవాళ్ళు వేరే ఊళ్ళకు కూలికి పోయి ఉంటారని దేశమంతా కనిపించేలా మార్చాను. సున్నానే. నాకు ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలియదు. ఆమెవాళ్ళు స్టేషన్లలో అడిగి ఉంటారు, జాతరల్లో చూసి ఉంటారు, సోది చెప్పించుకుని ఉంటారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటి మనిషి కోసం టైపు చేసేవాడు ఆ ఊళ్ళో ఉంటాడని నేను ఏ ధైర్యంతో అనుకున్నానో.

ఈలోగా ఆమె తెలుగు నేర్చుకుంటోంది. అన్నం, నీళ్ళు, జర ఆగు. ఊరి పేరు అడిగితే మునుపు ఠక్కున చెప్పేది, ఇప్పుడు కాసేపు ఆలోచించి చెబుతోంది. నా దగ్గర ఉన్న ఆధారం ఆ ఒక్క మాటే. అది కూడా జారిపోతోందని నాకు భయం పట్టుకుంది.

"ఎవరూ వెతక్కపోతే ఆ మాటను కంపెనీ మూలన పడేస్తుందక్కా. ఇంక ప్రకటన చూపించదు" అన్నాను ఒకనాడు, నిస్పృహతో.

"అట్లనా" అంది అక్క.

రెండు వారాల తరువాత సున్నా పోయి ఒకటి వచ్చింది. ఎవరో ఆ ఊరి పేరు కొట్టారు, ప్రకటన కనిపించింది, నొక్కి లోపలికి వచ్చారు. మర్నాడు మళ్ళీ ఒకటి. రోజూ మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక. అక్కకు చెప్పలేదు, ఉత్తి ఆశ అవుతుందేమోనని. ఫోన్ చేయకుండా ఎందుకు చూసి వెళ్ళిపోతున్నారు? సిగ్గా, భయమా, మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా? వారం రోజులు నాకు ఆఫీసు పని మీద ధ్యాస లేదు.

ఆ తరువాత వెతుకుతున్నది ఏ ఊరినుంచో చూశాను. హైదరాబాద్.

ఆ రోజు బంద్. షట్టరు సగం దించి పని చేస్తున్నాం. బస్సుల్లేవు, ఆటోల్లేవు. హబ్సిగూడ నుంచి నాచారానికి నడిచాను, నడిచానని కూడా అనలేను, పరిగెత్తాను. మొగుడో తమ్ముడో ఆమెను వెతుక్కుంటూ ఈ ఊరికే వచ్చి, ఇక్కడే ఎక్కడో కూలి చేసుకుంటున్నాడని నా మనసు దారిపొడుగునా కథ అల్లింది. గేటు తీయగానే ఆమె సంచి పట్టుకుని లేచింది. ఈసారి నిజంగానే నీ కోసం వచ్చాను అని చెప్పాలనిపించింది.

"అక్కా, ఇక్కడే, మన ఊళ్ళోనే ఎవరో రోజూ ఆమె కోసం వెతుకుతున్నారు" అన్నాను రొప్పుతూ.

అక్క చేతిలో పని ఆపింది. నన్ను కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది.

"అది నేనే తమ్మీ" అంది.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

"ఎవ్వలు దేవులాడకుంటె మూలకు పడేస్తరంటివి గదా. అందరు తిన్నంక రోడ్డు మీది నెట్ సెంటర్‌కు పోతున్న. మొదాలు గా సెంటరాయిన కొట్టిచ్చిండు. ఇప్పుడు నేనే కొడుతున్న."

అక్కకు ఇంగ్లీషు రాదు. ఆ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టడం నేర్చుకుంది. తన మధ్యాహ్నం నిద్ర మానుకుని, నెట్ సెంటర్‌కు డబ్బులు ఇచ్చుకుని, రోజుకొకసారి ఆమె కోసం వెతికి వచ్చేది. పట్టరాని కోపం వచ్చింది నాకు. ఆ తరువాత ఏడుపు వచ్చింది.

నేను చెప్పాల్సింది చెప్పక తప్పలేదు. సొంత ప్రకటనను సొంతవాళ్ళు నొక్కకూడదు. పట్టుకుంటే ఖాతా మొత్తం మూసేస్తారు. అన్నాలు తెచ్చే ప్రకటనలూ పోతాయి.

అక్క గేటు వైపు చూసింది.

"సరే, బంద్ జేస్త. మరి ఇగ ఆమెను ఎవ్వలు దేవులాడాలె?"

నేను గ్లాసు కింద పెట్టి లేచాను.

మర్నాటి నుంచి మళ్ళీ సున్నా. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వడం మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం వెళ్ళి అలవాటు కొద్దీ ఆమెను అడిగాను, నీది ఏ ఊరని. ఆలోచించలేదు. సంచి కూడా లేదు పక్కన.

"నాచారం" అంది.

ఆ సాయంత్రం రామంతాపూర్‌లో నా గదికి వెళ్ళబోతూ దారిలో ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఆమె మరిచిపోయిన ఊరి పేరును నేను టైపు చేశాను. పక్కన మా ప్రకటన వచ్చింది, కంపెనీ ఇంకా మూలన పడేయలేదు, నేను పెట్టినట్టే, "ఈమె మీ మనిషేనా?" అని. నాకు నొక్కడానికి వీల్లేదు. చదువుకుంటూ కూర్చున్నాను, నేను డబ్బు కట్టిన అరగంట అయిపోయిందని సెంటర్ వాళ్ళు వచ్చి చెప్పేదాకా.